ర్యామ్ రేటు మండుతున్నప్పుడు

కంప్యూటరు సామాను విషయంలో మన ఇళ్ళలో ఒక నమ్మకం పాతుకుపోయింది: ఆగితే తగ్గుతుంది. బంగారం ఆగినకొద్దీ పెరుగుతుంది, ఇళ్ళస్థలం ఆగినకొద్దీ పెరుగుతుంది, కంప్యూటరు మాత్రం ఆగినవాడికే చవక. చాలా ఏళ్ళపాటు ఈ లెక్క పెద్దగా తప్పలేదు కూడా. 2025 చివరి నెలల్లో తప్పింది. ఆ సెప్టెంబరులో 149 డాలర్లున్న 32 జీబీ డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) మాడ్యూలు కాంట్రాక్టు ధరను శాంసంగ్ నవంబరుకల్లా 239 డాలర్లు చేసిందని వార్తలొచ్చాయి. రెండు నెలల్లో 60 శాతం. అది కంపెనీలు కంపెనీలకు అమ్ముకునే టోకు ధర. చిల్లర దుకాణం దాకా వచ్చేసరికి కొన్ని రకాల ర్యామ్ రెట్టింపు దాటింది.

దాంతో బీటెక్‌లో చేరిన పిల్లల తల్లిదండ్రులు, డీటీపీ సెంటర్ల వాళ్ళు, నాలుగు సిస్టమ్‌లతో ఆఫీసు నడిపే ఆడిటర్లు అందరూ ఒకే ప్రశ్న అడగడం మొదలుపెట్టారు. "ఇప్పుడే కొనెయ్యాలా, ఇంకొన్నాళ్ళు ఆగాలా?"

ఈ అధ్యాయం ఆ ప్రశ్న కోసమే. అయితే తిరకాసు ప్రశ్నలోనే ఉంది. వెంటనే కొనడం, ఆగడం, రెండూ రేపటి ధర మీద కాసే పందేలే. రేపటి ధర మీకు తెలియదు, నాకు తెలియదు. చిప్పులు చేసేవాళ్ళకే సరిగ్గా తెలియదని వాళ్ళ చరిత్ర చెబుతోంది. మీరు కచ్చితంగా తెలుసుకోగలిగింది ఇంకొకటి ఉంది: మీ పనికి ఎంత మెమరీ కావాలి? విచిత్రమేమిటంటే, ధర గురించి గంటసేపు మాట్లాడేవాళ్ళలో చాలామంది ఈ సంగతి ఒక్కసారి కూడా చూసుకుని ఉండరు.

మన వాటా ఎటు పోయింది?

ధర ఎందుకు పెరిగిందో తెలుసుకున్నంత మాత్రాన రూపాయి కూడా తగ్గదు. గాభరా మాత్రం తగ్గుతుంది. కారణం తెలియని పెరుగుదల ఎవరికైనా మోసంలాగే కనిపిస్తుంది. మోసపోతున్నానని అనుకుంటున్న మనిషి కోపంతోనో భయంతోనో కొంటాడు, రెండింటిలోనూ జేబుకే చిల్లు. కాబట్టి ఈ భాగం కొంచెం ఓపిగ్గా చదవండి.

ప్రపంచంలోని కంప్యూటర్లకు, ఫోన్లకు, సర్వర్లకు కావలసిన డీర్యామ్‌లో (మనం ర్యామ్ అనేది దీన్నే) దాదాపు తొంభై శాతం తయారుచేసేది మూడే కంపెనీలు. కొరియాకు చెందిన శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాకు చెందిన మైక్రాన్. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక ఈ ముగ్గురి తలుపు తట్టే ఖాతాదారు మారిపోయాడు. ఏఐ నమూనా ఒక్కొక్క మాటను పుట్టించడానికి తనలో దాచుకున్న వేల కోట్ల సంఖ్యలను మెమరీలోంచి మళ్ళీ మళ్ళీ చదువుకోవాలి. లెక్కలు చేసే చిప్పు ఎంత చురుకైనదైనా ఆ సంఖ్యలు సమయానికి అందకపోతే చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. అందుకే దానికి మన ల్యాప్‌టాప్‌లోని ర్యామ్ చాలదు. డీర్యామ్ చిప్పులను అంతస్తులుగా పేర్చి, ప్రాసెసరు పక్కనే కూర్చోబెట్టే హెచ్‌బీఎం అనే రకం కావాలి. ఏఐ పనులకు వాడే ఎన్‌విడియా హెచ్100 చిప్పులో అది 80 జీబీ ఉండేది. తరవాత వచ్చిన బీ200లో 192 జీబీ. అలాంటివి 72 కలిపి ఒక బీరువాలాంటి ర్యాకులో బిగిస్తారు. ఆ ఒక్క ర్యాకులోనే 13 టెరాబైట్లకు పైగా మెమరీ ఉంటుంది. 16 జీబీ ల్యాప్‌టాప్‌లు ఎనిమిది వందలు చేసుకోవచ్చు దానితో.

ఇది గిరాకీ. అసలు మెలిక సరఫరాలో ఉంది. ఒక జీబీ డీడీఆర్5కు పట్టే సిలికాన్ వేఫరుకు (చిప్పులను చెక్కే పలుచని పళ్ళేనికి) దాదాపు మూడు రెట్లు ఒక జీబీ హెచ్‌బీఎంకు పడుతుందని మైక్రానే చెప్పింది. భీమవరం వైపు వాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. వరి పండే పొలాన్ని రొయ్యల చెరువు చేస్తే డబ్బులెక్కువ కళ్ళజూడవచ్చు, కాని ఆ ఎకరం ఇక ధాన్యం ఇవ్వదు. రేపు రొయ్య రేటు పడిపోయినా ఎల్లుండే నాట్లు వేయడం కుదరదు. మెమరీ ఫ్యాక్టరీల్లో జరిగిందీ అదే. మామూలు ర్యామ్ రావలసిన వేఫర్లు హెచ్‌బీఎంకు, సర్వర్ల మెమరీకి మళ్ళాయి. పాత మెషీన్లు వాడే డీడీఆర్4ను ఎటూ ఆపేద్దామనుకున్నారు కాబట్టి దాని తయారీ కూడా తగ్గించారు. అందుకే 'మాది పాత కంప్యూటరే కదా, మాకేం' అనుకున్నవాళ్ళకూ సెగ తగిలింది.

2025 అక్టోబరు 1న సియోల్‌లో ఓపెన్‌ఏఐ సంస్థ తన స్టార్‌గేట్ డేటా సెంటర్ల కోసం శాంసంగ్‌తోనూ ఎస్‌కే హైనిక్స్‌తోనూ అవగాహనకు వచ్చింది. నెలకు 9 లక్షల డీర్యామ్ వేఫర్ల దాకా అన్నది ఆ రోజు ప్రకటించిన లక్ష్యం. డబ్బు కట్టి చేసిన కొనుగోలు కాదది, కొంటామన్న ఉద్దేశం మాత్రమే. అయినా మిగతా కొనుగోలుదార్లు ఉలిక్కిపడ్డారు. ఆ నెలాఖరులోనే ఎస్‌కే హైనిక్స్ తన 2026 ఉత్పత్తికి దాదాపు పూర్తిగా గిరాకీ కుదిరిపోయిందని చెప్పింది. డిసెంబరు 3న మైక్రాన్ ఇంకో అడుగు ముందుకు వేసి, మామూలు జనానికి ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మే తన 29 ఏళ్ళ 'క్రూషియల్' వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. పెద్ద ఖాతాదార్లకు సరుకు సరిపెట్టడానికి చిన్నవాళ్ళను వదులుకుంటున్నామని ఇంత బాహాటంగా చెప్పే కంపెనీలు అరుదు. ఆ నిజాయితీని మెచ్చుకోవాలో తిట్టుకోవాలో మీ ఇష్టం.

మరి ఇంత గిరాకీ ఉంటే కొత్త ఫ్యాక్టరీలు కట్టరేం? కడుతున్నారు, కాని ఒళ్ళు దగ్గర పెట్టుకుని. 2023లో సరుకు ఎక్కువై, ధరలు కుప్పకూలి శాంసంగ్ చిప్పుల విభాగం ఒక్క ఏడాదిలో 14 లక్షల కోట్ల వోన్లకు పైగా నష్టపోయింది. ఆ దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. పైగా ఒక ఫ్యాక్టరీ పునాది నుంచి సరుకు దాకా రావడానికి ఏళ్ళు పడుతుంది.

ఈ వ్యాపారం మొదటినుంచీ ఇంతే. 1993 జులైలో జపాన్‌లోని నీహామా పట్టణంలో చిప్పుల పైతొడుగుకు వాడే రెజిన్ తయారయ్యే సుమిటోమో కెమికల్ కర్మాగారంలో పేలుడు జరిగితే ప్రపంచమంతటా మెమరీ ధరలు చుక్కలనంటాయి. 1996లో అవే ధరలు నేల కరిచాయి. 2013 సెప్టెంబరులో చైనాలోని వూషీలో హైనిక్స్ ఫ్యాక్టరీ అంటుకుంటే మళ్ళీ పెరుగుదల. 2017, 2018లో మంట, 2019లో పతనం. పెరిగిన ప్రతిసారీ తరవాత పడింది నిజమే. ఎప్పుడు పడుతుందో ముందుగా చెప్పి నిలబెట్టుకున్నవాళ్ళు మాత్రం దాదాపు లేరు. పైగా ఈసారి కాలిపోయిన ఫ్యాక్టరీ ఏదీ లేదు, బాగుచేసి తెరవడానికి. సరుకు తయారవుతూనే ఉంది, వేరే ఇంటికి వెళుతోంది. అందుకని ఇది తొందరగా చల్లారుతుందని నేను అనుకోను.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. 2025 అక్టోబరు 14న విశాఖపట్నంలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ పెడతామని గూగుల్ ప్రకటిస్తే మనమంతా సంబరపడ్డాం. మైక్రాన్‌కు హైదరాబాదులో 2019 నుంచి పెద్ద డెవలప్‌మెంట్ సెంటరు ఉంది, అక్కడ పనిచేసేవాళ్ళలో మన పిల్లలు చాలామంది. ర్యామ్ రేటు పెంచిన గిరాకీ, మన పిల్లలకు ఉద్యోగాలిస్తుందనుకుంటున్న గిరాకీ ఒకటే. ఒక చేత్తో చప్పట్లు కొడుతూ ఇంకో చేత్తో తల కొట్టుకుంటున్నాం. అలాగే, గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్ ప్లాంటు వచ్చింది కదా, మనకు చవగ్గా రాదా అని అడిగేవాళ్ళున్నారు. రాదు. అక్కడ జరిగేది చిప్పులను పరీక్షించి, ప్యాక్ చేయడం. వేఫర్లు తయారుకావు. అయినా మెమరీ ధర ఊరి ధర కాదు, ప్రపంచపు ధర.

కొనేవాడి వెనక నిలబడే రెండు భయాలు

సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటరుకు, అంటే అందరూ సీటీసీ అనే చోటికి, వెళ్ళారనుకోండి. కౌంటరు అవతలి కుర్రాడు అంటాడు: "ఇయ్యాల్టి రేటు ఇది అన్నా. రేపటికి నేను గ్యారంటీ ఇయ్యలేను." వెంటనే మీ గుండె వేగం పెరుగుతుంది. ఇది అమ్మకం కిటుకని కొందరికి అనుమానం. ఈ రోజుల్లో అతను చెప్పేది చాలావరకు నిజం, అతని డీలరు అతనికి అదే చెబుతున్నాడు. అతని మాట నిజమైనంత మాత్రాన మీకు ర్యామ్ అవసరమని కాదు. ఈ రెండు సంగతులను విడదీయగలిగితే సగం డబ్బు మిగిలినట్టే.

'రేపు ఇంకా పెరుగుతుందేమో' అన్నది మొదటి భయం. ఇది అవసరం లేనివాడి చేత కొనిపిస్తుంది. 16 జీబీ చాలినవాడు 32 కొంటాడు, ఒక ర్యామ్ కావలసినవాడు 'దొరకదేమో' అని రెండు పట్టుకొస్తాడు. వాటిని తరవాత లాభానికి అమ్మవచ్చని లెక్క వేసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు ఒకటే చెబుతాను. మెమరీ బంగారం కాదు. కొన్నేళ్ళకు కొత్త తరం వస్తుంది, పాతది బీరువాలో ఉండగానే విలువ కోల్పోతుంది. ధర మలుపు తిరిగే రోజున మీకంటే ముందు టోకు వ్యాపారికి తెలుస్తుంది.

రెండో భయం మర్యాదస్తుల భయం, మోసపోతానేమోనన్నది. దీని చిరునామా ఒకే వాక్యం: "పోయిన దసరాకి మా తమ్ముడు ఇదే సగానికి కొన్నాడు." కొన్నాడు, సంతోషం. ఆ ధర ఇవాళ బజారులో లేదు. లేని ధరతో ఉన్న ధరను పోల్చి బాధపడుతూ కూర్చుంటే నష్టపోయేది మీ పనే. ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్న అమ్మాయి ల్యాప్‌టాప్ గంటకోసారి బిగుసుకుపోతుంటే 'ఉగాది తరవాత తగ్గుతుందట, ఆగమ్మా' అనే తండ్రి మిగిల్చేది నాలుగైదు వేలు కావచ్చు. ఆ పిల్ల పోగొట్టుకునేది ప్లేస్‌మెంట్ల కాలం. దసరా ధరను మనసులోంచి తీసేయండి. అడగవలసింది ఒకటే: ఇవాళ్టి ధరకు, ఈ వస్తువు నాకు చేసే పని తూగుతుందా?

ఈ ప్రశ్నకు ఇద్దరు మనుషులు ఒకే దుకాణంలో, ఒకే రోజున, ఒకే ర్యామ్ ముందు నిలబడి వేర్వేరు జవాబులు చెబుతారు. ఇద్దరూ సరైనవాళ్ళే. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసేవాడికి మూఢం వచ్చేలోపు పది ఆల్బమ్‌లు పూర్తి చేయాలి. అతనికి ఇవాళ్టి ధర ఎక్కువైనా గిట్టుబాటే. పక్కవాడు అదే మెషీనులో లెడ్జరు రాసుకుని, వార్తలు చూసుకుంటాడు; అతనికి ఉచితంగా ఇచ్చినా దండగే.

ముందు కొలవండి

కొలవడం ఎంత సులువో తెలిస్తే ఇన్నాళ్ళూ ఎందుకు కొలవలేదా అనిపిస్తుంది. మీరు మామూలుగా పనిచేసే రోజున, అన్నీ తెరిచి ఉన్న సమయంలో, కీబోర్డు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాని కింద మెమరీ. అక్కడ కనిపించే శాతాన్ని చూసి కంగారు పడకండి. 8 జీబీ మెషీనులో 70 శాతం కనిపించడం రోగం కాదు. ర్యామ్ ఉన్నదే వాడుకోవడానికి, బ్రౌజర్లలాంటివి చోటుంటే కాళ్ళు చాపుకుంటాయి కూడా.

చూడవలసింది 'కమిటెడ్' అన్న చోట. రెండు అంకెలు గీతకు అటూ ఇటూ ఉంటాయి. మొదటిది, ఆ క్షణాన మీ ప్రోగ్రాములన్నీ కలిసి అడుగుతున్న మెమరీ. అది మీ ర్యామ్ కంటే రోజూ బాగా ఎక్కువగా ఉండి, ఒక విండో నుంచి ఇంకో విండోకు మారేటప్పుడు మెషీను ఆగిపోతూ, అదే సమయంలో డిస్కు వంద శాతం చూపిస్తుంటే, మీకు ర్యామ్ నిజంగానే చాలడం లేదు. డిస్కులోని చోటును ర్యామ్ బదులు వాడుకుంటూ అది అవస్థ పడుతోంది. ఆ అంకె మీ ర్యామ్ లోపలే ఉంటే మాత్రం మీ మెషీను నెమ్మదికి కారణం ఇంకెక్కడో ఉంది. ఒక వారంపాటు రోజుకోసారి ఆ అంకె రాసి పెట్టుకోండి. ఒక్క రోజు చూసి తీర్పు చెప్పకండి. మ్యాక్‌బుక్ ఉన్నవాళ్ళు యాక్టివిటీ మానిటరులో మెమరీ ప్రెషర్ గీత చూస్తే చాలు. పచ్చగా ఉన్నంతకాలం మీకు ఏమీ అక్కర్లేదు.

ఇంకెక్కడో అన్నాను. ఎక్కువసార్లు అది హార్డ్ డిస్కు. ఇప్పటికీ తిరిగే డిస్కు మీదే విండోస్ నడుపుతున్న ఆఫీసులు ఊరికి పదున్నాయి. వాళ్ళు ర్యామ్ రెట్టింపు చేసినా మెషీను లేవడానికి టీ తాగి వచ్చేంత సమయం పడుతూనే ఉంటుంది. దాని బదులు పెట్టుకునే, తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీల ధరలు కూడా పెరిగాయి, నిజమే, కాని 256 జీబీది పెట్టి పాత డిస్కును ఫైళ్ళకు ఉంచుకుంటే ఆ ఖర్చుకు కనిపించే తేడా ఇంకే ఖర్చుకూ కనిపించదు. తరవాతి దోషి మనమే. ఒకదాని మీద ఒకటి వేసుకున్న రెండు యాంటీవైరస్‌లు, సిస్టమ్ ఆన్ కాగానే మనం పిలవకుండానే లేచే పదీ పన్నెండు యాప్‌లు, నలభై ట్యాబులు. టాస్క్ మేనేజర్లోనే స్టార్టప్ యాప్‌ల జాబితా ఉంది, అక్కర్లేనివి ఆపేయండి. క్రోమ్ సెట్టింగుల్లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ సేవర్ ఉంది, అది వేసి ఉంచండి. ఇవన్నీ పైసా ఖర్చులేని ర్యామ్.

ఎంత కావాలి అన్నదానికి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఉత్తరాలు, ట్యాలీ, బ్రౌజరు, పిల్లల ఆన్‌లైన్ క్లాసు, వీటికి 8 జీబీ ఇప్పటికీ చాలు. పైథాన్, జావా నేర్చుకునే మొదటి రెండేళ్ళ బీటెక్ విద్యార్థికి 8తో నడుస్తుంది, 16 ఉంటే హాయి. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటరు పెట్టి యాప్‌లు చేసేవాళ్ళు, వర్చువల్ మెషీన్లు నడిపేవాళ్ళు 8తో నలిగిపోతారు, వాళ్ళకు 16 తప్పదు. 32 అన్నది వీడియో ఎడిటింగు, త్రీడీ, పెద్ద డేటా పనులకు. మెషీన్ లర్నింగ్ నేర్చుకుంటున్నానని 64 జీబీ కొనబోయే అబ్బాయి ముందు గూగుల్ కోల్యాబ్ తెరిచి చూడాలి. అందులో ఉచిత ఖాతాకే దాదాపు 12 జీబీ ర్యామ్ వస్తుంది, నేర్చుకునే దశకు అది ఎక్కువే. ఏ మంట వల్ల మనకు ర్యామ్ అందడం లేదో ఆ మంట దగ్గరే చలి కాచుకోవడంలో తప్పేమీ లేదు.

డీటీపీ వాళ్ళ సంగతి ప్రత్యేకం. ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు కంపోజు చేసే షాపులు మన దగ్గర తక్కువేమీ కాదు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షను 2001 నాటిది. దానికి కావలసిన మెమరీ ఇవాళ్టి చవక ఫోనులో కూడా ఎన్నో రెట్లుంది. ఆ మెషీన్ల జోలికి వెళ్ళకండి.

కొనక తప్పనప్పుడు

కొలిచారు, అవసరమని తేలింది. ఇక నసగకుండా కొనండి, కాని కళ్ళు తెరుచుకుని.

మొదట మీ బోర్డు ఏ తరం ర్యామ్ తీసుకుంటుందో చూసుకోండి. డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని స్లాటులో ఒకటి పట్టవు, గాడి వేరే చోట ఉంటుంది. ల్యాప్‌టాప్‌కు పట్టేది పొట్టిగా ఉంటుంది, డెస్క్‌టాప్‌ది పొడుగు. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలోనే 'స్లాట్స్ యూజ్డ్' అని ఉంటుంది. రెండిట్లో ఒకటి వాడుకలో ఉందంటే మీరు అదృష్టవంతులు, ఉన్నదాని పక్కన ఇంకోటి పెట్టుకుంటే సరి. రెండు వేర్వేరు వేగాల ర్యామ్‌లు పెడితే సాధారణంగా రెండూ నెమ్మదైనదాని వేగానికే దిగుతాయి, కాబట్టి ఉన్నదాని స్టిక్కరు ఫోటో తీసుకుని దుకాణానికి వెళ్ళండి. 'ఫారమ్ ఫ్యాక్టర్' దగ్గర 'రో ఆఫ్ చిప్స్' అని కనిపిస్తే ర్యామ్‌ను బోర్డుకే అతికించేశారని అర్థం. అలాంటి మెషీనులో పెంచుకునే ఆశ పెట్టుకోవద్దు.

కొత్త ల్యాప్‌టాప్ కొనేవాళ్ళకు ఇదే అసలు ప్రశ్న. ఈ ధరల్లో చాలామంది 8 జీబీ మోడల్‌తో సరిపెట్టుకుంటారు. అందులో ఖాళీ స్లాటు ఉంటే అది తెలివైన పనే, రేట్లు దిగాక ఇంకో 8 పెట్టుకోవచ్చు. ఖాళీ స్లాటు లేకపోతే నాలుగేళ్ళు వాడవలసిన వస్తువును ఇవాళ్టి ధరకు భయపడి కుంటిది చేసుకున్నట్టు. ఆన్‌లైన్ పేజీలో ఈ సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఓపిగ్గా వెతకండి, లేకపోతే అమ్మేవాడి చేత రాయించుకోండి. ప్రాసెసరు ఒక మెట్టు తగ్గించుకునైనా అతికించిన ర్యామ్ 16 ఉన్నదే తీసుకోవడం నయం.

ఫోన్ల పెట్టెల మీద '8+8' అనో '16 జీబీ దాకా' అనో రాసి ఉంటుంది. అందులో రెండో 8 ర్యామ్ కాదు, స్టోరేజీలో కొంత చోటును ర్యామ్ పేరుతో వాడుకోవడం. దానికి డబ్బు ఇవ్వకండి.

సెకండ్ హ్యాండు ర్యామ్ అంటే ముఖం చిట్లించేవాళ్ళను చూస్తుంటాను. కంప్యూటరులో సెకండ్ హ్యాండు కొనదగిన భాగమేదైనా ఉంటే అది ఇదే, తిరిగే భాగాలు లేవు, అరిగేదీ లేదు. నకిలీ స్టిక్కర్లు, సగం చెడిన చిప్పులు మాత్రం ఉంటాయి. దుకాణంలోనే మెషీనులో పెట్టించి సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాములో ఎస్‌పీడీ పేజీ చూడండి, స్టిక్కరు మీద ఉన్నదీ అక్కడ చూపించేదీ ఒకటే కావాలి. ఇంటికొచ్చి మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవులో ఎక్కించి ఒక రాత్రంతా నడపండి. ఒక్క తప్పు చూపించినా తిరిగి ఇచ్చేయండి. తిరిగి తీసుకుంటానని ముందే ఒప్పుకున్న చోటే కొనాలన్నది అందుకే. కొత్తదైతే బిల్లు లేకుండా ఇస్తానంటే ఒప్పుకోవద్దు. 18 శాతం జీఎస్టీ మిగులుతుందని ఆశపడితే ఏళ్ళ వారంటీ పోతుంది. ధర పెరిగినకొద్దీ వారంటీ విలువా పెరుగుతుంది, చెడిపోతే కొత్తది ఇవాళ్టి ధరకు కొనాల్సింది మీరే కదా.

మెషీను బీప్ బీప్ మని అరిచి తెర వెలగకపోతే ర్యామ్ పోయిందని పరుగెత్తకండి. మన రిపేరు కుర్రాళ్ళు దశాబ్దాలుగా చేస్తున్న పని చేయండి. కరెంటు తీసి, ర్యామ్ బయటికి లాగి, దాని బంగారు రంగు కాళ్ళను స్కూలు పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, టక్కుమనేదాకా నొక్కి పెట్టండి. చాలాసార్లు అక్కడితో సరిపోతుంది.

వాయిదాల మీద కొనడం గురించి ఒక్క మాటే. ఈ వస్తువు ధర తగ్గే అవకాశం ఉన్నది. తగ్గాక కూడా మీరు పాత ధరకు కిస్తీలు కడుతూ ఉంటారు. ఆ వస్తువు నెలనెలా కిస్తీని సంపాదించిపెట్టేదైతే కట్టండి, లేకపోతే వద్దు.

పది మెషీన్లు నడిపేవాళ్ళకు

కోచింగ్ సెంటర్లు, మీసేవ కేంద్రాలు, చిన్న ఆఫీసులు నడిపేవాళ్ళు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. సరిగ్గా ర్యామ్ మండే రోజుల్లోనే పాత మెషీన్లన్నీ మార్చాలన్న ఒత్తిడి మొదలైంది. అన్నీ ఒకేసారి మార్చకండి. మీ మెషీన్లన్నిటినీ పైన చెప్పినట్టు కొలిచి, మూడు వరసలు చేయండి. పని ఆగిపోతున్నవి ఇప్పుడే, నెట్టుకొస్తున్నవి తరవాత, ఒకే పని చేసేవి అలాగే. ఒకే పని చేసేవాటికి లైనక్స్ పెట్టి చూడండి, బ్రౌజరు తప్ప ఇంకేమీ తెరవని కౌంటరు మెషీనుకు లైనక్స్ ఏం తక్కువ చేయదు. మూలన పడేసిన రెండు చెడిన మెషీన్లలోని ర్యామ్‌లు తీసి మూడోదానికి సరిపోతాయేమో చూడండి. ఆ స్క్రాపు ఇప్పుడు స్క్రాపు కాదు, పాతసామాను వాడికి కేజీల లెక్కన అమ్మకండి. కొటేషన్ తీసుకునేటప్పుడు ఆ ధర ఎన్ని రోజులు చెల్లుతుందో రాయించుకోండి. అడ్వాన్సు ఇచ్చారంటే డెలివరీ తేదీ, ర్యామ్ కంపెనీ పేరు, మోడల్ నంబరు కూడా రాసి ఉండాలి. 'సేమ్ సార్, కంపెనీ మాత్రం వేరే' అనే మాట ఈ కాలంలో తరచు వినిపిస్తుంది.

అమెరికాలోని ఐడహోలో మైక్రాన్ కడుతున్న ఫ్యాక్టరీ నుంచి మొదటి వేఫర్లు 2027 మధ్యలో వస్తాయని ఆ కంపెనీ చెప్పింది. అవి పరీక్షలు దాటి మాడ్యూళ్ళుగా మారి మన దుకాణాల దాకా రావడానికి ఇంకొన్ని నెలలు. ఈలోగా ఏఐ జోరు ఎక్కడైనా చల్లబడి ధరలు ముందే పడితే అది మీకు దొరికిన అదృష్టం అనుకోండి, దాన్ని నమ్ముకుని పని వాయిదా వేయకండి. రేపు మీ పని జోరుగా ఉన్న వేళ టాస్క్ మేనేజర్ తెరిచి ఆ 'కమిటెడ్' అంకె కాగితం మీద రాయండి. వారం తరవాత ఆ కాగితం చూసుకుని, అవసరమైతే దుకాణానికి వెళ్ళండి.